నాలుగు సాంచలు ఆగాలంటే

నాకు సైకిలంటే ఇష్టం లేదు. కొండలంటే అసలే లేదు. ఈ రెండూ కలిపి నాలుగు రోజుల యాత్ర చేయడానికి, యాభై దాటబోయే వయసులో నేను పేరిచ్చానంటే దానికి కారణం ఆరోగ్యమూ కాదు, ప్రకృతీ కాదు. నా తోడల్లుడు. మా దిక్కు సడ్డకుడంటారు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని. ఎవరినీ ఒక మాట అనడు, ఎవరితోనూ ఒక మాట పడడు. ఇలాంటి మనిషి కుటుంబంలో ఒక్కడున్నా చాలు, మిగతావాళ్ల బతుకు నరకం.

అసలు సంగతి చెప్పాలంటే ముందు మా అత్తగారింటి సంగతి చెప్పాలి.

వాళ్లది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు సాంచలు. సాంచ అంటే మరమగ్గం. పొద్దున మొదలుపెడితే కరెంటు పోయినప్పుడు తప్ప ఆగవు. ఆ చప్పుడులో బతికేవాళ్లు గొంతు చించుకుని మాట్లాడతారని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి వాళ్లు వినరు, చూస్తారు. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టేస్తారు. మా మామకు చెవులు ఇప్పుడు సగమే పనిచేస్తాయి గానీ కళ్లు పెదాల మీద నుంచి కదలవు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, మొహం ఎత్తి, నోరు బాగా తెరిచి మాట్లాడాలి. తల దించుకుని ఏమన్నా అది అనని మాట కిందే లెక్క.

ఆ ఇంట్లో మెప్పుకు ఒకటే కొలత. చెప్పే ముచ్చట బాగుంటే మామ ఒక సాంచ ఆపుతాడు. ఇంకా బాగుంటే రెండు. సాంచ ఆగితే బట్ట తగ్గుతుంది, బట్ట తగ్గితే కూలి తగ్గుతుంది, కాబట్టి మొహమాటానికి ఆపే రకం కాదు. నేను పెళ్లయిన కొత్తలోనే ఈ కిటుకు కనిపెట్టాను. కరీంనగర్‌లో నాది గ్రానైట్ యార్డులో రాళ్లు కొలిచే పని. పగలంతా అంగుళం తేడా రాకుండా నిజం చెప్పి చెప్పి, ఆదివారం వచ్చేసరికి నాకు నోరు దురదపెడుతుంది. ఓడెక్కాల్సిన బండ ఇల్లు విడిచి వెళ్లలేక చెమటలు కక్కిన కథకు మామ రెండు సాంచలు ఆపాడు. రంపం కింద చీలిన బండలో కప్ప బతికే ఉండి, బయటికి రాగానే నన్ను టైమెంతయిందని అడిగిన కథకు మూడు. పాతికేళ్లలో అదే నా రికార్డు. నాలుగో సాంచ మాత్రం ఎంత చెప్పినా లొంగలేదు. అది ఎవరికీ ఆగదులే అని నేనూ ఊరుకున్నాను.

నిరుటి చలికాలం ఆ నాలుగూ ఆగాయి. నాకు కాదు.

తోడల్లుడికి షుగర్ వస్తే డాక్టర్ సైకిల్ తొక్కమన్నాడట. ఎవరైనా ఏం చేస్తారు, వీధి చివరి దాకా తొక్కి ఇంటికొచ్చి చాయ్ తాగుతారు. ఇతను బాయి దోస్తులతో కలిసి కెరమెరి ఘాట్ ఎక్కి వచ్చాడు. ఆ ఆదివారం షెడ్డులో మామ ఎదుట నిలబడి, ఏదో రేషన్ షాపుకు పోయొచ్చినట్టు చెప్పాడు.

"మంచు కమ్మింది మామ. ముందు చక్రం గూడ కనబడలే. బాయిల పోయినట్టే పోయిన. మీదికి వొయినంక మంచు తెగింది, సూస్తే మబ్బులు కిందున్నయ్. ఇరవై ఏండ్ల సంది పనిల ఉన్నప్పుడు నా నెత్తి మీద ఎప్పుడూ బాయి కప్పే. గాడ పైన ఏం లేకుండె. జర భయమైంది."

అంతే. కప్ప లేదు, చెమట పట్టిన బండ లేదు, వేళ్ల మీద లెక్కపెట్టే మాటలు. మామ ఒక సాంచ ఆపాడు. రెండోది ఆపాడు. మూడోదాని దగ్గరికి నడిచేటప్పుడు నా గుండె ఆగింది. నాలుగోదీ ఆగాక షెడ్డులో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ ముక్కు చీదిన చప్పుడైంది. తిరిగి చూస్తే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నా కప్పకు ఆమె ఎన్నడూ కళ్లు తుడుచుకోలేదు. భోజనాల దగ్గర మటన్ కూరలో మూలుగున్న నల్లి బొక్క ఎప్పుడూ పెద్దల్లుడి పళ్లెంలో పడేది. ఆ రోజు అత్త గరిటె నా పళ్లెం దాటుకుని పోయింది.

నోట్లో ముద్ద ఉండగానే అన్నాను, "ఘాట్ ఎక్కుడు పెద్ద ముచ్చటనా మామ. నేను మధ్యల ఒక్కపాలి దిగకుంట ఎక్కుత."

మామ నా పెదాలు చూసి, సరిగా చదివాడో లేదోనని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

"దిగకుంట ఎక్కిరా," అన్నాడు. "నీకు గూడ నాలుగు ఆపుత. కప్పలకు మాత్రం ఇగ ఆప."

తోడల్లుడు సంతోషపడ్డాడు. నిజంగానే సంతోషపడ్డాడు, అదే నాకు ఎక్కువ మండింది. "పైయేడు మల్ల పోతున్నం అన్న. శ్రీరాంపూర్ సంది ఆసిఫాబాద్, కెరమెరి, ఉట్నూర్ మీదికెల్లి ఆదిలాబాద్. నువ్వు కరీంనగర్ సంది మా ఇంటిదాక రా, గాడికెల్లి కలిసి పోదాం."

అలా సెకండ్‌హ్యాండ్ గేర్ సైకిలొకటి మా ఇంటికి వచ్చింది. పాత యజమాని దాని మీద తువ్వాళ్లు ఆరేసుకునేవాడు. టైర్లు రెండూ కొత్తవి వేయించాను. మొదటి రోజు పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీదికి వెళ్లాను. కట్ట ఎక్కక ముందే ఇడ్లీ బండి ఉంది. అక్కడ ఆగాను. రెండో రోజు గాలి ఎదురుగా ఉంది. మూడో రోజు గాలి వెనకుంది, కానీ వచ్చేటప్పుడు ఎదురవుతుందని ముందే గ్రహించి ఇడ్లీ బండి దగ్గరే ఆగాను. నాలుగో రోజు కుక్కలు. ఐదో రోజు ఇడ్లీ బండివాడే అడిగాడు, "సార్, గీ సైకిల్ మీద రాకపోతే జల్ది వస్తరు గద." అతని మాటలో న్యాయం కనిపించి ఆరో రోజు నుంచి నడిచి వెళ్లాను.

ఈలోగా తోడల్లుడు నాకొక మీటర్ పంపాడు. ముందు చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం కట్టాలి. చక్రం ఎన్నిసార్లు తిరిగితే అన్ని కిలోమీటర్లని హ్యాండిల్ మీద అంకె చూపిస్తుంది. ఆదివారం ఆదివారం ఆ అంకె ఫొటో తీసి పంపాలి. బాయి దోస్తుల గ్రూపులో అందరూ పంపుతారు. తోడల్లుడి అంకె చూసినప్పుడల్లా నా కడుపులో నిప్పు కణిక తిరిగేది. ఆ కణిక కాళ్లలోకి దిగితే ఏమైనా పని జరిగేది గానీ అది తలలోకి ఎక్కింది.

చక్రం తిరగాలి. అంతే కదా. సైకిల్ కదలాలని మీటర్ ఎక్కడా అనలేదు.

సాయంత్రం యార్డు నుంచి వచ్చి వాకిట్లో సైకిల్‌ను తలకిందులు చేసి, స్టూల్ వేసుకుని కూర్చుని, కుడి చేత్తో ముందు చక్రం తిప్పేవాణ్ని. ఎడమ చేతిలో చాయ్. మొదటి వారంలోనే డ్యాం దాటాను, రెండో వారంలో జగిత్యాల పోయొచ్చాను, నెల తిరిగేసరికి భైంసా దాటి మహారాష్ట్రలో ప్రవేశించాను. మా ఆవిడ సాంచలింటి పిల్ల. తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసి అంది, "చరఖ తిప్పినట్టే తిప్పుతున్నవ్. గంత తిప్పెటోనివి, నాలుగు నూలు కండెలు చుట్టియ్యరాదు, మా బాపుకన్నా అక్కరకొస్తయ్."

"ఇది ప్రాక్టీస్," అన్నాను.

"ఔ, కనబడుతుంది. కుడి జబ్బ మంచిగ తేలింది."

గ్రూపులో నా అంకె తోడల్లుడి అంకెను దాటిన ఆదివారం నేను మటన్ తెచ్చాను. నల్లి బొక్క నా పళ్లెంలో నేనే వేసుకున్నాను.

యాత్రకు ఇంకా రెండు వారాలుందనగా అతను శ్రీరాంపూర్ నుంచి మా ఇంటికి సైకిల్ మీదే వచ్చాడు, మధ్యాహ్నం కాకముందే. చొక్కా నలగలేదు. మంచినీళ్లు చాలన్నాడు. నా సైకిల్ చూస్తానని వాకిట్లోకి వెళ్లి టైరు మీద వేలు పెట్టి మెల్లగా రాశాడు. కొత్త టైరు మీద వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలుంటాయి. రోడ్డు మీద తిరిగితే అవి ముందుగా పోతాయి. నా ముందు చక్రం మహారాష్ట్ర పోయొచ్చింది, మొలక ఒక్కటి రాలలేదు.

"టైర్లు మంచియి వట్టినవ్ అన్న," అన్నాడు. "ఏం అరగలే."

మొహంలో వెటకారం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేదో.

ఆశ్వయుజం పోయి చలి మొదలైన రోజుల్లో బయల్దేరాం. కరీంనగర్ నుంచి శ్రీరాంపూర్ దాకా ఎలా వెళ్లానో చెబితే ఈ కాగితం తడుస్తుంది కాబట్టి చెప్పను. అక్కడ కలిసిన బాయి దోస్తులు ఆరుగురు నన్ను చూసి లేచి నిలబడ్డారు. గ్రూపులో అందరికన్నా పెద్ద అంకె నాదే కదా. "అన్న, జర మెల్లగ తొక్కు, మేం అందుకోవాలె," అన్నాడొకడు. ఆసిఫాబాద్ చేరేలోపు వాళ్లకు ఆ భయం పోయింది.

మూడో రోజు పొద్దున కెరమెరి దాటాక రోడ్డు తల ఎత్తింది. మొదటి మలుపు పళ్లు కొరుకుతూ తిరిగాను. రెండో మలుపులో నా కాళ్లు మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాయి. గేర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ మార్చాను. కుడి చేయి మాత్రం చాలా హుషారుగా ఉంది. కానీ ఘాట్ ఎక్కడంలో దానికి పనేమీ లేదు. దోస్తులు మలుపు దాటి కనుమరుగయ్యారు. వెనక ఒక్క సైకిల్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నేను ఎంత మెల్లగా వెళ్తే అది అంత మెల్లగా. ఇక కింద పడిపోతాననగా కాలు నేల మీద పెట్టాను.

అదొక చిన్న చప్పుడు, చెప్పు రోడ్డుకు తగిలిన చప్పుడు. నాలుగు సాంచలు మళ్లీ నడవడం మొదలైనట్టు వినిపించింది నాకు.

"చెయిన్ పడ్డట్టుంది తమ్మి," అన్నాను.

తోడల్లుడు దిగి వంగి చూశాడు. చెయిన్ దాని చోట అది చక్కగా ఉంది. దాన్ని వేలితో ఊడదీసి, మళ్లీ ఎక్కించి, చేతులకు నల్లటి మసి పూసుకుని లేచాడు. "ఔ అన్న, పడ్డది."

"నువ్వు పో. నేను వస్త."

"బాయిలకెల్లి మీదికొచ్చేటప్పుడు ఎనుకటోన్ని ఇడిసిపెట్టి రాం అన్న. అలవాటైంది." తన సైకిల్ కూడా తోసుకుంటూ నా పక్కన నడవసాగాడు. వదిలేసి పైకి పోయి, అక్కడి నుంచి నన్ను చూసి నవ్వి ఉంటే హాయిగా ద్వేషించేవాణ్ని. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.

మలుపులో ఒక పెద్దావిడ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. మేం కింది మలుపులో ఉన్నప్పటి నుంచే చూస్తున్నట్టుంది.

"కాయ్ భావూ," అని మరాఠీలో పలకరించి అంది నాతో, "సైకిల్ నిన్ను మోస్తలేదు, నువ్వే సైకిల్‌ను మోస్తున్నవా?"

"చెయిన్ పడ్డదవ్వా," అన్నాడు తోడల్లుడు.

"ఇద్దరియి ఒక్కపాలే పడ్డయా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను సంచీ నిండా సీతాఫలాలు కొని ఆమె నోరు మూయించాననుకున్నాను. పది అడుగులు వేయలేదు, చెట్టు మీంచి ఒక కొండముచ్చు దిగి, హ్యాండిల్‌కు తగిలించిన సంచీ లాక్కుని, తీరిగ్గా గోడ మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. వెనక ఆవిడ నవ్వు రెండు మలుపుల దాకా వినిపించింది.

పైకి చేరాం. దోస్తులు ఫొటోలు దిగుతున్నారు. నేను తోడల్లుణ్ని పక్కకు పిలిచి అడిగాను, "నీకు భయమైంది గీడనేనా?"

"గదిగో, గా బండ కాడ."

వెళ్లి ఆ బండ పక్కనే నిలబడ్డాను. కింద టేకు అడవి, దూరంగా కొండల వెనక కొండలు, ఒక పల్లెలోంచి లేస్తున్న పొగ. తలెత్తి చూశాను. ఆకాశం ఉంది, రోజూ మా యార్డు మీద ఉండేదే. భయం కోసం చాలాసేపు ఎదురుచూశాను. రాలేదు. బండను కళ్లతో కొలిచాను. మూడున్నర గజాలుంటుంది, అడ్డంగా పగులుంది, పాలిష్‌కు పనికిరాదు. అంతకు మించి అక్కడ నాకేమీ కనిపించలేదు. ఘాట్ ఎక్కలేకపోయినందుకు కలిగిన దుఃఖం కన్నా అది పెద్ద దుఃఖం. కాళ్లు అరువు తెచ్చుకోవచ్చేమో, ఆ ఒక్క క్షణం భయం ఎక్కడి నుంచి తెస్తాను.

ఉట్నూర్, ఇంద్రవెల్లి, ఆదిలాబాద్. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. సైకిళ్లు బస్సు పైన ఉన్నాయి. కథ మాత్రం కిందే ఉంది, నా ఒళ్లో, సగం అల్లి.

ఆ ఆదివారం సిరిసిల్లలో అందరం షెడ్డులో చేరాం. అత్త మూలన కూర్చుని చరఖ మీద కండెలు చుడుతోంది. అక్కాచెల్లెళ్లిద్దరూ గడపలో కూర్చున్నారు. తోడల్లుడు నా పక్కన. నేను మామకు ఎదురుగా నిలబడి, మొహం ఎత్తి, నోరు తెరిచి మొదలుపెట్టాను. కొండముచ్చును చిరుతను చేశాను. సీతాఫలాల ఆవిడను అడవి అంచున ప్రాణాలు అరచేత పట్టుకున్న ముసలామెను చేశాను. చిరుత ఆమె మీదికి దూకబోతుంటే నేను గేరు మార్చి, ఎత్తు రోడ్డు మీద దాని పక్కన సైకిల్ ఉరికించి, కుడి చేత్తో దాని తోక పట్టి రెండు మలుపులు లాక్కెళ్లాను. కుడి చేయి బిగించి మామకు చూపించాను కూడా. అదొక్కటే సాక్ష్యం, అదొక్కటే నిజం. బాగా చెప్పాను. నా జన్మలో అంత బాగా చెప్పలేదు.

ఒక్క సాంచ ఆగలేదు.

"గది సరే," అన్నాడు మామ. "దిగకుంట ఎక్కినవా?"

నోరు తెరిచాను. పాతికేళ్లుగా ఎంత అడిగితే అంత ఇచ్చిన నోరు. చిరుత తోక పట్టిన నోరు. దిగలేదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట రాలేదు. పక్కన ఉన్న మనిషి వేలు నా టైరు మీద రాసుకుంటూ పోయినట్టే ఉంది. నా పెదాలు కదలకపోవడం మామ చూస్తున్నాడు. ఆయన చూపు తప్పించుకునే చోటు ఆ షెడ్డులో లేదు.

అప్పుడు తోడల్లుడు తల దించుకుని, చేతికి లేని మసి తుడుచుకుంటూ ఏదో అన్నాడు.

మామకు పెదాలు కనబడలేదు. అల్లుడి మాట పోయింది. ఆయన చేయి చాపి పక్కనున్న సాంచ ఆపాడు. చాలలేదు. రెండోది ఆపాడు. ఇంకా వినబడదని మూడోది, నడిచి వెళ్లి నాలుగోది. అత్త చరఖ కూడా ఆగింది.

"ఏమన్నవ్ బిడ్డా? మొఖం ఎత్తి చెప్పు."

ఆ నిశ్శబ్దంలో అతను మొహం ఎత్తక తప్పలేదు. చెవులు ఘాట్ మీద లాగానే ఎర్రబడ్డాయి. "నేను ఎనుకనే ఉన్న మామ. అన్న ఏడ దిగలే."

మామ అతన్ని చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ అతన్ని చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"పద్నాలుగేండ్లాయె బిడ్డనిచ్చి," అన్నాడు. "ఇయ్యాల్టిదాక ఒక్క అబద్దం ఆడలే. ఆడుడు గూడ వస్తలేదు సూడు. చెవులు కాలుతున్నయ్."

"అన్న కోసం ఆడిండు గద," అంది అత్త. గొంతులో గర్వం.

మా ఆవిడ ముక్కు చీదింది. నేను తిరిగి చూడలేదు. చూడకుండానే కొంగు కనిపించింది.

లెక్క చూసుకుంటే ఇదీ సంగతి. పాతికేళ్లుగా అబద్ధాలాడి నేను మూడు సాంచలు ఆపించాను. ఇతను తొలి అబద్ధానికే నాలుగూ ఆపించాడు. అదీ నా గురించిన అబద్ధం. నిజంలో నన్ను ఓడించాడు, సరే, అది అతని పొలం అనుకున్నాను. ఇప్పుడు నా పొలంలోకి వచ్చి, నాటు వేయడం రాకుండానే కోత కోసుకుపోయాడు.

మామ సాంచలు మళ్లీ నడిపాడు. నాలుగోదాంట్లో ఆపినప్పుడు పోగు తెగినట్టుంది, ముడి వేయడానికి చిన్నల్లుణ్నే పిలిచాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, నేను చదువుకునేలా పెదాలు మెల్లగా కదిపాడు. "జర వానికి నేర్పియ్యరాదు పెద్దల్లుడా. నీ దగ్గరనన్న నేర్సుకోనీ."

భోజనాలయ్యాక బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటుంటే తోడల్లుడు వచ్చి నీళ్లు కొట్టాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు, "ఎట్ల చెప్తవన్న, మొఖం మీద ఏం తెలువకుంట?"

చెప్పడం నాకు తెలుసు. కళ్లు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, వినేవాడు అడగక ముందే ఒక చిన్న నిజం ఎక్కడ విసరాలో అన్నీ తెలుసు. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అది అడగలేదు. అడిగినవాడు నా కోసం ఘాట్ మీద సైకిల్ దిగి నడిచినవాడు.

"గది నేర్పితే వచ్చేది కాదు తమ్మి," అన్నాను, మొహం ఎత్తి, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ.

అతను నమ్మాడు.